విండోస్ మారింది... అటక నిండింది!

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు కాలం చెల్లింది. 2015 జూలై 29న విడుదలైనది మొదలు పదేళ్ళకు పైగా మన ఇళ్ళల్లో నోరెత్తకుండా చాకిరీ చేసిన విండోస్ అది. ఆ తేదీ తరువాత మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఇక రావని మైక్రోసాఫ్టు కంపెనీ ముందుగానే చెప్పింది. సరిగ్గా ఆరు రోజులకు దీపావళి. చెన్నైలో (మా తరానికి ఇంకా మదరాసే లెండి) దీపావళి ముందు వారమంటే తెలియనిదేముంది? ఇల్లు దులపడం, టి.నగర్ రంగనాథన్ వీధి జనంలో పడి నలిగి రావడం. ఆ సందడిలోనే మన సంఘ సభ్యులు చాలామంది తమ కంప్యూటర్లకు కూడా కొత్త బట్టలు కట్టారు. అదే, విండోస్ 11 వేయించారు.

పండుగ వెళ్ళింది. టపాకాయల కాగితాలు వీధిలోంచి ఊడ్చుకుపోయారు. కంప్యూటర్లోని చెత్త మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో ఫోను మోగడం మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, సి డ్రైవు గీత ఎర్రగా అయిపోయిందండీ!"

"అక్కా, కొత్త విండోస్ వేసుకున్నాక మనవడి ఫోటోలు దింపుకోవడానికి కూడా చోటు లేదంటోంది."

"అమ్మా, మా ఆయన కూర్చుని ఏవేవో చెరిపేస్తున్నారు. నా మాట వినరు, మీరైనా కాస్త చెప్పండి."

నేను ఇంజనీరును కాను. ఒక ఆఫీసులో లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళు కంప్యూటరుతో కాపురం చేసి రిటైరైనదాన్ని. ఆదివారాలు సంఘంలో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడానికి వెళ్ళి, వాళ్ళ తాతగార్ల కంప్యూటర్లు బాగుచేసి వస్తుంటాను. ఒకే సంగతి ఇరవైమందికి ఫోనులో చెప్పేకంటే మన పత్రికలో ఒకసారి వ్రాస్తే మేలనిపించి ఇది వ్రాస్తున్నాను. విండోస్ 11 కూడా ఏడాదికొకసారి పెద్ద మార్పుతో వస్తుంది కనుక ఈ చెత్త గొడవ ఒక్క దీపావళితో పోయేది కాదు.

ముందు అసలు ఏం మిగులుతుందో చూద్దాం. మదరాసులో అద్దె ఇల్లు మారని కుటుంబం ఉండదు. కొత్త ఇంట్లో పాలు పొంగించిన వెంటనే పాత ఇంటి తాళంచెవి ఓనరు చేతిలో పెట్టెయ్యం. నీళ్ళు ఎలా వస్తాయో, పైవాళ్ళు ఎలాంటివాళ్ళో తెలియాలి కదా! నాలుగు రోజులు చూసి, ఏదైనా తేడా వస్తే వెనక్కి పోదామని ఉంటుంది. విండోస్ కూడా అదే చేస్తుంది. పాత విండోస్‌ను పారెయ్యకుండా, దాని ప్రోగ్రాములతో సహా మూటగట్టి సి డ్రైవులో 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డరులో పెడుతుంది. కొత్తది నచ్చకపోతే సెట్టింగ్స్‌లో 'గో బ్యాక్' నొక్కి పాతదానికి తిరిగి పోవడానికి అదే ఆధారం. మొన్న ఒకరింట్లో చూస్తే ఆ మూట 27 జీబీ ఉంది. 128 జీబీ డిస్కున్న లాప్‌టాప్‌లో 27 జీబీ అంటే, ఒక్క పడకగది ఇంట్లో పెళ్ళివారి సామానంతా దించినట్టు.

ఈ తాళంచెవికి గడువుంది, పది రోజులు. విండోస్ 10 వచ్చిన కొత్తలో నెల రోజులు ఇచ్చేవారు. 2016 ఆగస్టులో వచ్చిన మార్పుతో దాన్ని పదికి కుదించారు. నన్నడిగితే ఇది పిసినారితనమే. ఇంట్లో పెళ్ళో, ఊరి ప్రయాణమో తగిలితే పది రోజులు ఎంతలో గడిచిపోతాయి! (తెలిసినవారి చేత ఆదేశం ఇప్పించి ఈ గడువును అరవై రోజుల దాకా పెంచుకోవచ్చు, కాని ఆ పని గడువు దాటకముందే చెయ్యాలి.) గడువు తీరితే విండోస్ ఆ మూటను తానే తీసి పారేస్తుంది. కనుక డిస్కులో చోటు ఇబ్బంది లేనివారు అసలేమీ చెయ్యనక్కరలేదు, ఊరికే కూర్చున్నా సరిపోతుంది. మన సంఘంలో సగం మందికి నేను చెప్పిన వైద్యం ఇదే. ఫీజు లేని వైద్యం కనుక ఎవరూ నమ్మలేదు.

విండోస్.ఓల్డ్ కాక మరికొన్ని ఉంటాయి. కొత్త విండోస్‌ను దింపుకున్నప్పుడు దాచిన ముక్కలు, డాలరు గుర్తుతో మొదలయ్యే ఒకటి రెండు దాగుడుమూతల ఫోల్డర్లు, ఇంట్లో ఇంకో కంప్యూటరుంటే దానికి అందించడానికి అట్టిపెట్టుకున్న అప్‌డేటు భాగాలు, ఫోటోల చిన్న చిన్న నమూనా బొమ్మలు, ఇంటర్నెట్టు బ్రౌజరు దాచుకున్న పేజీలు. వీటిలో చాలావాటిని కలిపి 'కాష్' అంటారు.

ఈ మాట వినగానే మా అత్తగారు చెవులు నిక్కించారు. "కంప్యూటర్లో క్యాష్ పెట్టి మరిచిపోయారా? ఎంతుంటుందేమిటి?" అని. పలకడం దాదాపు ఒకటే గాని డబ్బు కాదు. ఫ్రెంచి భాషలో దాచడం అనే అర్థమున్న మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. 1968లో ఐబీఎం కంపెనీ తన పెద్ద కంప్యూటరు ఒకదానిలో, మాటిమాటికీ కావలసిన అంకెలను దగ్గర పెట్టుకునే చిన్న వేగవంతమైన జ్ఞాపకశక్తికి ఆ పేరు పెట్టింది. ఆవిడకు నేను చెప్పిన అర్థం వేరు. మన పోపులపెట్టె లేదూ? ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిరపకాయలు సామాన్ల గదిలో డబ్బాల నిండా ఉన్నా, తాలింపు వేసిన ప్రతిసారీ అక్కడికి పరుగెత్తం కదా. గుప్పెడు గుప్పెడు తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంటాం. అదే కాష్. పోపులపెట్టె బోర్లించి కడిగేసినా నష్టం లేదు, అసలు సరుకు గదిలో ఉంది. మళ్ళీ నింపుకునేదాకా రెండు రోజులు వంట కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఇక్కడే ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఫైలు కనిపించినప్పుడు "ఇది పోతే మళ్ళీ ఎవరు చేసిపెడతారు?" అని అడగండి. కంప్యూటరు తానే చేసుకుంటుంది, లేదా మైక్రోసాఫ్టు నుంచి మళ్ళీ దింపుకోవచ్చు అనుకుంటే అది పోపులపెట్టె సరుకు. ఎవరూ చెయ్యలేరు అనుకుంటే దాని జోలికి పోకండి. దాని పేరు 'టెంప్' అయినా 'ఓల్డ్' అయినా సరే.

శుభ్రం చేసే పద్ధతి విండోస్‌లోనే ఉంది, డబ్బిచ్చి ఏ 'క్లీనర్' ప్రోగ్రామూ కొనక్కరలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరిస్తే ఒక జాబితా వస్తుంది. ఒక్కొక్కదాని పక్కన అది ఎంత చోటు తింటున్నదో కూడా చూపిస్తుంది. 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' అన్నది పైన చెప్పిన మూట. దాన్ని ఇక్కడినుంచే తీయాలి. నేరుగా విండోస్.ఓల్డ్ మీద డిలీట్ మీట నొక్కితే అనుమతి లేదని మొండికేస్తుంది. ఒక పెద్దాయన దానితో రెండు గంటలు కుస్తీ పట్టి బీపీ మాత్ర వేసుకున్నారు.

జాబితాలో 'డౌన్‌లోడ్స్' అనే పేరు కూడా కనిపిస్తుంది. దానికి మాత్రం టిక్కు పెట్టకండి. అది కాష్ కాదు, మీరు దింపుకున్న ఫైళ్ళు. మన వాళ్ళు కరెంటు బిల్లు రసీదు నుంచి మనవరాలి అరంగేట్రం వీడియో దాకా అన్నీ అందులోనే ఉంచుతారు.

ఒక దెయ్యం సంగతి కూడా చెప్పాలి. 2024లో విండోస్ 11కు 24హెచ్2 అనే పెద్ద మార్పు వచ్చింది. అది వేసుకున్నవారికి ఆ అక్టోబరులో ప్రపంచమంతటా ఒకే అనుభవం. డిస్క్ క్లీనప్ నడిపితే 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' కింద 8.63 జీబీ చెత్త ఉందని చూపుతుంది. తుడిస్తే తుడిచానంటుంది. మళ్ళీ చూస్తే మళ్ళీ 8.63 జీబీ! మా కింది వాటాలో కుర్రాడు నాలుగుసార్లు తుడిచి, "ఆంటీ, ఇది వైరసు" అని తేల్చేశాడు. వైరసు కాదు. మొదటిసారే చోటు ఖాళీ అయిపోతుంది, ఆ తరువాత కనిపించే అంకె ఉత్త లెక్కతప్పు అని మైక్రోసాఫ్టు వివరణ ఇచ్చింది. ఆ తరువాతి అప్‌డేటులో సరిదిద్దింది కూడా. లెక్కల విభాగంలో పనిచేసినదాన్ని కనుక నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. సొమ్ము చెల్లించేశాక కూడా ఖాతాలో బాకీ చూపించే పుస్తకాలు ఎన్ని చూడలేదు!

ఇంతవరకు చెప్పినవన్నీ నిర్భయంగా పారెయ్యదగ్గ సరుకు. అయితే అటకమీద అన్నీ అలాంటివే ఉండవు. భోగినాడు తెల్లవారుజామున మనం పాత చాపలు, విరిగిన కుర్చీలు మంటల్లో వేస్తాం. తమిళుల ఇళ్ళల్లోనూ అదే ఆచారం. ఈ ఊళ్ళో అందరూ కలిసి తగలేసేసరికి 2018 భోగినాడు ఆ పొగ, మంచు కలిసి విమానాశ్రయంలో విమానాలే తిరగలేకపోయాయి. అలాంటి మంటల్లో చాపల వెనుక తాటాకు పుస్తకాలు కూడా వెళ్ళిన ఇళ్ళున్నాయి. పందొమ్మిదో శతాబ్దిలో బ్రౌన్ దొర తెలుగు రాతప్రతులు వెతికించి, నకళ్ళు వ్రాయించి పెడితే ఆ సేకరణ మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. లేకపోతే ఎన్ని కావ్యాలు ఏ అటక మీద చెదలుపట్టేవో! ఇళ్ళవాళ్ళకు వాటి విలువ తెలియక కాదు, ఎక్కడ ఏముందో తెలియక.

వెస్ట్ మాంబళంలో మన సంఘానికి బాగా తెలిసిన ఒక లెక్కల మాస్టారున్నారు. ఎనభై దాటాయి. ఆయన భార్య 2019లో పోయారు. ఆవిడ మంచి పాటగత్తె. అంతకంటే మంచి వినికిడిగత్తె అనాలి. పెరంబూరు, పురసవాక్కం, చింతాద్రిపేట వైపు తరాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఏ పెళ్ళికి వెళ్ళినా ముసలమ్మల పక్కన చేరేవారు. నలుగుపాటలు, మంగళహారతులు, బంతుల పాటలు, అప్పగింతల పాటలు వాళ్ళు పాడుతుంటే కాగితం మీద ఎక్కించుకునేవారు. మొదట్లో ఆ కాగితాలను డీటీపీ సెంటరులో ఇచ్చి టైపు చేయించారు. తరువాత తానే కంప్యూటరు కొనిపించుకుని, అరవై దాటిన వయసులో తెలుగు టైపింగు నేర్చుకున్నారు. మొత్తం 112 పాటలు. పాడినవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు.

ఆవిడ వాడిన పాత తెలుగు టైపింగు ప్రోగ్రాము పదహారు బిట్లనాటిది. అలాంటివి 64 బిట్ల విండోస్‌లో నడవవు. అందుకే ఎవరో తెలిసినవారు ఆ కంప్యూటరులో ప్రత్యేకించి 32 బిట్ల విండోస్ 10 వేసి పెట్టారు. విండోస్ 11లో 32 బిట్ల రకమే లేదు. 32 నుంచి 64కు మారాలంటే ఉన్నదాని మీద మెల్లగా మార్చడం కుదరదు, కొత్తగా స్థాపించవలసిందే. ఈ వివరాలన్నీ మాస్టారికి ఎలా తెలుస్తాయి? దీపావళికి వచ్చిన మనవడు పెట్టెను ఒక దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడి అబ్బాయి పని ముగించి, "ఎల్లామే క్లీన్ పణ్ణిట్టేన్ సార్, పుదుసు మాదిరి ఇరుక్కు" అని సంతోషంగా అప్పగించాడు. అన్నీ తుడిచేశాను, కొత్తదానిలా ఉందని. నిజంగానే కొత్తదానిలా ఉంది. డెస్క్‌టాప్ మీద ఒక్క ఫోల్డరు లేదు. మనవడు సెలవు అయిపోయి పూనా వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజున మాస్టారు నాకు ఫోను చేశారు. "అమ్మాయ్, మీ పిన్ని పాటలు కనబడటం లేదు" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

నేను వెళుతూ ఆటోలో ఒక్కటే అనుకున్నాను, ఆ దుకాణం అబ్బాయి డిస్కును ఫార్మాటు చెయ్యకుండా ఉంటే చాలు అని. మన దగ్గర కంప్యూటరు కూర్చేవాళ్ళు డిస్కును సి, డి, ఇ అని వాటాలు వేస్తారు. కొత్త విండోస్ వేసేటప్పుడు సి వాటాను ఫార్మాటు చేస్తే అందులోనిది మామూలు దారిన తిరిగి రాదు. చెయ్యకుండా అలాగే వేస్తే మాత్రం పాతదంతా, మన డెస్క్‌టాప్‌తో సహా, విండోస్.ఓల్డ్ మూటలోకి వెళుతుంది. మామూలు అప్‌గ్రేడుకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. మామూలు అప్‌గ్రేడులో మన ఫైళ్ళు కొత్త ఇంటికి మనతోపాటే వస్తాయి, మూటలో ఉండేది ప్రధానంగా పాత విండోస్ సరంజామా. కొత్తగా స్థాపించినప్పుడు, లేదా 'నథింగ్' ఉంచవద్దు అన్న ఎంపిక చేసినప్పుడు, మన ఫైళ్ళు ఉండేది ఆ మూటలోనే. డి డ్రైవులో దాచుకునేవారికి ఈ బాధ లేదు. కాని మన ఇళ్ళల్లో పెద్దలకు డెస్క్‌టాపే భోషాణం, అది ఉండేదేమో సి డ్రైవులో.

విండోస్.ఓల్డ్ ఉంది. లోపల 'యూజర్స్', అందులో ఆవిడ పేరుతో ఫోల్డరు. తెరవబోతే అనుమతి లేదంది. 'కంటిన్యూ' నొక్కి కాస్త ఆగితే తెరుచుకుంది. డెస్క్‌టాప్, అందులో 'పాటలు'. లెక్కపెట్టాను, 112 ఉన్నాయి. ముందు మరే పనీ పెట్టుకోకుండా రెండు పెన్‌డ్రైవుల్లోకి నకళ్ళు తీశాను.

తరువాత ఒకటి తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, పౌండు గుర్తులు, తలపైన చుక్కలున్న వింత అక్షరాలు. తెలుగు ముక్క ఒక్కటి లేదు. మాస్టారు పక్కనే నిలబడి ఉన్నారు. "చెడిపోయాయా?" అన్నారు.

చెడిపోలేదు. ఇది తెలుగువాళ్ళందరూ తెలుసుకోవలసిన సంగతి కనుక కొంచెం ఆగి చెబుతాను. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి 1991లో వెలువడినప్పుడే అందులో తెలుగు ఉంది. కాని అది మన ఇళ్ళల్లోని విండోస్‌లోకి రావడానికి మరో పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అంతకు ముందూ, ఆ తరువాత చాలా ఏళ్ళూ, డీటీపీ వాళ్ళంతా అను, శ్రీలిపి వంటి ఫాంట్లతోనే పనిచేశారు. పెళ్ళి పత్రికలు, సావనీర్లు, మనలాంటి సంఘాల పత్రికలు అన్నీ వాటితో అచ్చయినవే. ఆ పద్ధతిలో కంప్యూటరుకు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరానికి తెలుగు ముసుగు వేస్తారు. ఫైలులో ఉండేది ఇంగ్లీషు అక్షరమే, ఫాంటు అనే ముసుగు ఉంటేనే అది కంటికి 'క' గానో, 'క' కింద వత్తుగానో కనిపిస్తుంది. ముసుగు పోతే పాట పోయినట్టే ఉంటుంది.

ఆవిడ ముసుగులు ఎక్కడున్నాయి? అవీ మూటలోనే. విండోస్.ఓల్డ్ లోపల పాత 'విండోస్', అందులో 'ఫాంట్స్'. (ఇటీవలి కాలంలో వేసుకున్నవైతే యూజర్స్ లోపల దాగి ఉండే 'యాప్‌డేటా'లో కూడా ఉండవచ్చు, అక్కడా వెతకండి.) పేర్లను బట్టి తెలుగు ఫాంట్లు ఏరి, వాటినీ నకలు తీసి, కొత్త విండోస్‌లో స్థాపించి, ఫైలు మూసి మళ్ళీ తెరిచాను. మొదటి పాట అప్పగింతలది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు మళ్ళీ పెట్టుకోలేదు.

ఇంకొక్క రెండు రోజులు పండుగ అలసటలో గడిచిపోయి ఉంటే, లేక చోటు చాలడంలేదని ఎవరైనా ఆ జాబితాలో టిక్కు పెట్టి ఉంటే, ఫైళ్ళూ పోయేవి, ముసుగులూ పోయేవి. దుకాణం అబ్బాయిని నేను తప్పుపట్టను. అతనికి చెప్పిన పని అతను చేశాడు. 'పాటలు' అంటే సినిమా పాటలు అనుకుని ఉంటాడు, ఎక్కడైనా దొరుకుతాయి కదా అని.

ఇలాంటి పొరపాటు మహామహులకూ తప్పలేదు. 2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్టు విండోస్ 10కు 1809 అనే పెద్ద మార్పు విడుదల చేసింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను సి డ్రైవు నుంచి మరో చోటికి మళ్ళించుకునే సౌకర్యం విండోస్‌లో ఉంది. అలా మళ్ళించుకున్నవారికి పాత చోట్ల ఖాళీ ఫోల్డర్లు అదనంగా కనబడుతున్నాయని అంతకు ముందు ఫిర్యాదులు వచ్చాయి. సరే, ఆ ఖాళీ ఫోల్డర్లను అప్‌గ్రేడు సమయంలోనే తీసేద్దామని ఇంజనీర్లు ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు మరో మార్పుతో కలిసి బెడిసికొట్టింది. పాత చోటనే ఫైళ్ళు వదిలేసి ఉన్నవారివి, ఫోల్డరుతో పాటు ఫైళ్ళు కూడా పోయాయి. నాలుగైదు రోజుల్లోనే విడుదలను ఆపేశారు, తప్పు దిద్ది నవంబరు 13న మళ్ళీ విడుదల చేశారు. నష్టం జరిగినట్టు ఫిర్యాదులు వచ్చినది పదివేలలో ఒకరికేనని కంపెనీ చెప్పింది. పదివేలలో ఒకరంటే అంకెల్లో చిన్నదే. ఆ ఒక్కరి ఇంట్లో పోయింది ఏమిటన్నది అంకెలు చెప్పవు.

తెలుగు ఫైళ్ళున్నవారికి మరో రెండు మాటలు. పాత ఫాంట్లతో వ్రాసినవి ఉంటే, ఆ ఫాంటు ఫైళ్ళను కూడా వాటి పక్కనే ఒక ఫోల్డరులో పెట్టి ఉంచండి. తాళం ఉన్నచోటే తాళంచెవి. చూడటానికి పనికివచ్చేలా ఒక పీడీఎఫ్ చేసుకోండి, దానిలో ఫాంటు ఇమిడి ఉంటే ఏ కంప్యూటరులో తెరిచినా తెలుగులోనే కనిపిస్తుంది. నిలకడగా ఉండాలంటే యూనికోడ్‌కు మార్చుకోవాలి. అలా మార్చే పరికరాలు ఉన్నాయి గాని వత్తుల దగ్గర తడబడతాయి, మనిషి కూర్చుని చదివి దిద్దాల్సిందే. మరొకటి, పాత ఉత్తరాలు గౌతమి ఫాంటులో వ్రాసుకున్నవారికి అప్‌గ్రేడు తరువాత అక్షరాల రూపు మారినట్టు కనిపిస్తే కంగారుపడవద్దు. విండోస్ 10 నాటి నుంచి గౌతమి, వాణి ఫాంట్లను అందరికీ ఇవ్వకుండా, తెలుగు అదనపు ఫాంట్లు అనే పేరుతో వేరుగా పెట్టారు. కావలసినవారు సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్ నుంచి తెచ్చుకోవచ్చు. మన భాష అదనపు సరుకైపోయిందేమిటని మాస్టారు చిన్నబుచ్చుకున్నారు. చోటు ఆదా కోసమట, తమిళానికీ అదే మర్యాద అని ఓదార్చాను.

ఫోనుల సంగతి క్లుప్తంగా. ఆండ్రాయిడ్ ఫోనులో ఏ యాప్ వివరాలు తెరిచినా స్టోరేజ్ కింద 'క్లియర్ కాష్' అనీ, 'క్లియర్ స్టోరేజ్' లేదా 'క్లియర్ డేటా' అనీ రెండు ఉంటాయి. మొదటిది పోపులపెట్టె కడగడం. రెండోది సామాన్ల గది తలుపు తీసి సరుకంతా వీధిలో పొయ్యడం. రెండూ పక్కపక్కనే పెట్టినవారికి ఎవరైనా చెప్పాలి. ఆపిల్ కంప్యూటరు వాడేవారు అప్లికేషన్స్ ఫోల్డరులో పాత 'ఇన్‌స్టాల్' ఫైలు మిగిలిందేమో చూసి తీసేస్తే పది జీబీకి పైగా కలిసిరావచ్చు.

మాస్టారింట్లో తొమ్మిదో రోజు సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. రెండు పెన్‌డ్రైవుల్లో ఒకటి మా ఇంటి కంప్యూటరులో తెరిచి, పాటలన్నీ కనిపిస్తున్నాయని చూసుకున్నాను. ఆవిడ ఫోల్డరులో ఇంకేమైనా ఉన్నాయా అని మాస్టారు, నేను కలిసి వెతికాము. ఫోటోలు, ఒక పచ్చళ్ళ కొలతల కాగితం, గ్యాస్ కంపెనీకి వ్రాసిన ఉత్తరం దొరికాయి. ఉత్తరం అక్కరలేదన్నారు, మళ్ళీ ఏమనుకున్నారో అదీ ఉంచమన్నారు. అన్నీ తీసుకున్నాక స్టోరేజ్ తెరిచి, 'ప్రీవియస్ విండోస్' పక్కన టిక్కు ఆయన చేతే పెట్టించాను. కొన్ని నిమిషాలు పట్టింది. సి డ్రైవు గీత ఎరుపు నుంచి నీలానికి వచ్చింది.

ఇప్పుడు పాటలు యూనికోడ్‌కు మారుతున్నాయి. రోజుకు రెండు. ఇక్కడ నేను మార్చి పంపితే, డల్లాస్‌లో ఉన్న మాస్టారి కోడలు రాత్రి పిల్లలు పడుకున్నాక వత్తులు దిద్ది పంపుతోంది. నలభై ఒకటి అయ్యాయి. ఒక నలుగుపాటలో ఒక మాట ముగ్గురికీ అర్థం కాలేదు. టైపింగు తప్పో, పెరంబూరు పాతమాటో తేలక దాన్ని అలాగే వదిలి పక్కన ప్రశ్నార్థకం పెట్టాము.